అద్దె పుస్తకంలో సీమంతాలు

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతిలో కొర్లగుంట వైపు షామియానాలు, కుర్చీలు, వంటసామాన్లు అద్దెకిచ్చే అంగడి నాది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఇదే పని. మీ పత్రిక పొద్దున అయిదున్నరకే అంగడి మెట్ల మీద పడుతుంది. పిలకాయలు టాటా ఏస్‌లోకి సామాను ఎక్కించేలోపు మొదటి పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా చదివేస్తాను. శ్రద్ధాంజలులు వ్యాపారం కోసం చదువుతాను, దాచుకోవడం దేనికి.

పోయిన వారం ఈ లేఖల పేజీలోనే ఒక పెద్దమనిషి రాసింది చదివాను. పుణ్యక్షేత్రంలో రోజూ ఎవరో ఒకరు రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చుంటున్నారు, యాత్రికులు ఏమనుకుంటారు, ఖజానాలో డబ్బుంటే ప్రభుత్వం ఇవ్వకుండా ఉంటుందా, లేనప్పుడు అందరూ సర్దుకోవాలి, సర్దుకోనివాళ్ళను పోలీసులు లేపేస్తే తప్పేముంది అని రాశారు. చదువుకున్న మనిషేనని రాత చూస్తే తెలుస్తోంది. ఆయన చూసిన టెంటు బహుశా నాదే. నీలం తెలుపు చారలది. ఒక మూల పొయ్యి నిప్పు పడి అరచేయంత కాలింది, దానికి ఎర్రగుడ్డ అతుకు వేశాం. ఆ అతుకు చూసి జెండా గుడ్డ అనుకునేవాళ్ళున్నారు. అది మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డ.

నేను ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాను. అన్ని పార్టీలకూ కుర్చీలు వేశాను. దాదాపు అన్ని పార్టీలూ నాకు బాకీ ఉన్నాయి.

అద్దె పుస్తకం అని ఒకటి రాసుకుంటాను. తేదీ, చోటు, ఎవరు, ఎన్ని గుంజలు, ఎన్ని కుర్చీలు, ఎన్ని జంపఖానాలు, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత. పెద్దమనిషి గారి ఉత్తరం చదివాక పాత పుస్తకాలు దించి దుమ్ము దులిపాను. 2023 డిసెంబర్ 12వ తేదీ పేజీ దగ్గర ఆగాను. పద్దెనిమిదికి ముప్పయ్యారు అడుగుల షామియానాలు రెండు, కుర్చీలు అరవై, జంపఖానాలు ఎనిమిది. ఎవరు అన్నచోట 'అంగన్వాడీ' అని ఉంది. జీతాలు పెంచమని సమ్మెకు దిగినవాళ్ళు. అప్పట్లో ఇంకా ఉన్నది ఉన్నట్టు రాసేవాణ్ణి.

అంతకు వారం ముందే మిగ్‌జాం తుపాను వచ్చి పోయింది. గోడౌన్లో గుడ్డలన్నీ తడిసి బూజువాసన. "వాసనొస్తోందమ్మా, రెండ్రోజులు ఆగండి" అంటే, "మా సెంటర్లో పప్పు మూటకంటే ఎక్కువ కంపు కొట్టదులే నా, ఏసెయ్" అంది ముందుకొచ్చినామె. మహా అయితే మూడు రోజులు ఉంటుందనుకుని వేశాను. నలభై రెండు రోజులు ఉంది.

ఆ మధ్యలోనే వైకుంఠ ఏకాదశి వచ్చింది, డిసెంబర్ 23న. ఊరంతా యాత్రికులు. పెద్దమనిషి గారు యాత్రికుల మాట ఎత్తారు కాబట్టి నేను చూసింది చెబుతాను. మధ్యాహ్నం పూట ఒక అరవ కుటుంబం నడిచి నడిచి వచ్చి మా టెంటు నీడలో కూలబడింది. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. వెనక వరసలో కూర్చున్న ఒక ఆయా లేచి, అడగనైనా అడగకుండా బిడ్డను అందుకుని భుజాన వేసుకుని, టెంటు చివర అటూ ఇటూ తిరిగింది. మైకులో ఎవరో నినాదాలు ఇస్తున్నారు, ఈమె అదే తాళానికి బిడ్డ వీపు తడుతోంది. పది నిముషాల్లో బిడ్డ నిద్రపోయింది. ఆ తల్లి ఏదో అడిగింది, ఇక్కడ ఏం జరుగుతోందని కాబోలు. ఆయా కుడిచేయి బిడ్డ కింద ఉంది కాబట్టి ఎడమచేత్తో అయిదు వేళ్ళు, మళ్ళీ రెండు వేళ్ళు చూపించి, "నెలకి" అంది. ఆ తల్లికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

ఏడు వేలు. టీచర్లకు 11,500. ఆ అంకెలు 2019వి. జీతం అనకూడదట, గౌరవ వేతనం అనాలట. జీతం అంటే కనీస వేతనం, సెలవులు, పింఛను అన్నీ వెంటపడి వస్తాయి. గౌరవం అంటే ఏమీ రావు. ఇక కేంద్రం తన వంతుగా ఖరారు చేసిన మొత్తం టీచరుకు 4,500, ఆయాకు 2,250. 2018 అక్టోబర్‌లో పెంచిన అంకె అది. అందులోనూ నూటికి నలభై రాష్ట్రమే పెట్టుకోవాలి. వీళ్ళకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది, గుజరాత్ అంగన్వాడీల కేసులో. దేశంలో అందరికంటే పెద్ద కోర్టు ఇమ్మన్నదాన్ని ఇమ్మని అడగడానికి కూడా నా షామియానా కావలసి వచ్చింది.

2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా పెట్టింది. అంగన్వాడీ అత్యవసర సేవ, ఆరు నెలలు సమ్మె నిషేధం అని. జీవో వచ్చిన రోజు సాయంత్రం టెంటులో ఒకామె దాన్ని ఫోనులో చదివి వినిపించింది. అంతా విని మా మేనకోడలు ఒకే మాట అడిగింది, "మామా, ఉద్యోగులం కాదంటారు, ఉద్యోగుల మీద పెట్టే చట్టం మాత్రం మా మీద పెడతారా?" ఆమె కూడా టీచరే. ఏ మండలమో రాయను.

పుస్తకంలో ఆ నెల జమ చూస్తే ఇప్పటికీ ఒక మాదిరిగా ఉంటుంది. అన్నీ చిల్లర అంకెలు. సాయంత్రం కాగానే టెంటు మధ్యలో తుండుగుడ్డ పరిచేవాళ్ళు. పది, ఇరవై, ఎప్పుడైనా ఒక యాభై. ఒక ముసలి ఆయా కొంగుముడి విప్పి పది నోటు తీసి, దాన్ని మోకాలి మీద పెట్టి చదును చేసి, అప్పుడు వేసేది. అలా పోగైంది అద్దెకు సరిపోకపోతే మరుసటి రోజు కలిపి ఇచ్చేవాళ్ళు. పెళ్ళివాళ్ళు ఎగ్గొట్టిన డబ్బుంది, ఎమ్మెల్యే టికెట్టు కోసం సభ పెట్టినవాళ్ళు ఎగ్గొట్టిన డబ్బు చాలా ఉంది. వీళ్ళ దగ్గర ఒక్క రూపాయి ఆగలేదు. నేనేదో దానం చేశానని కాదు ఇదంతా రాస్తున్నది. మొదటి నెల పూర్తి అద్దె తీసుకున్నాను. సంక్రాంతి దాటాక, టెంటు ముందు వాళ్ళు ముగ్గులేసి గొబ్బెమ్మలు పెట్టి, ఆ గొబ్బెమ్మల చుట్టూ జీతం అంకెలు పిండితో రాయడం చూశాక, బండి బాడుగ మాత్రమే తీసుకున్నాను. అది కూడా మా ఆవిడ తిట్టాక.

డబ్బుల్లేవు కదా అన్నారు పెద్దమనిషి గారు. నేనూ లెక్కల మనిషినే. ఆ ఆయాకు ఏడు వేలు చేసింది 2019. అదే 2019 సెప్టెంబర్ 20న కంపెనీల ఆదాయపన్నును కేంద్రం 30 శాతం నుంచి 22కు దించింది. కొత్తగా ఫ్యాక్టరీ పెట్టేవాళ్ళకైతే 15. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ఆ రోజే ఆర్థిక మంత్రి స్వయంగా చెప్పారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2015 బడ్జెట్లో సంపద పన్ను ఎత్తేశారు. అప్పుడెవరూ సర్దుకోమని కంపెనీలకు ఉత్తరాలు రాయలేదు. టర్నోవరు 20 లక్షలు దాటిన అంగడి అయితే షామియానా అద్దె మీద 18 శాతం జీఎస్టీ వేయాలి. అది కట్టేది పెళ్ళికూతురి తండ్రి. ఆయన ఏ లెక్కలో ధనవంతుడో నాకు తెలియదు.

2025 మార్చిలో ఎంపీల జీతం లక్ష నుంచి 1.24 లక్షలకు పెంచారు, 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. ధరల సూచీని బట్టి పెంచామని చెప్పారు. తప్పు లేదు, ధరలు పెరిగాయి. చింతపండు ఎంపీలకు ఒక ధర, ఆయాలకు ఒక ధర అమ్మడం లేదు కదా, ఆ సూచీ అంగన్వాడీ సెంటర్ గుమ్మం ఎందుకు తొక్కదు అనేదే అనుమానం.

అంగన్వాడీకి ఇచ్చే డబ్బు ఆగింది గానీ పని ఆగలేదు. పోయిన నెల మేనకోడలి సెంటరుకు పోయాను. ఒక గర్భిణికి సరుకులు ఇవ్వాలంటే ఫోనులో ఆమె మొహం పట్టించాలి. 2025 జూలై నుంచి అది తప్పనిసరి చేశారు. సెంటర్లో సిగ్నలు లేదు, బయట వేపచెట్టు దగ్గర ఉంది. ఆ పిల్ల ఎనిమిదో నెల కడుపుతో చెట్టు కింద నిలబడింది. "రెప్ప ఆర్పమ్మా... కదలొద్దు... ఇంగోసారి" అని మేనకోడలు బతిమాలుతోంది. ఎండ మొహం మీద పడుతుంటే ఆ పిల్లకు కళ్ళు తెరిచి ఉంచడమే కష్టంగా ఉంది. ఆరోసారికి ఫోను ఒప్పుకుంది. ఆమె ఎవరి కోడలో, ఎన్నో నెలో, రక్తం ఎంతుందో మేనకోడలికి నోటికి వచ్చు. ఊరి కుక్కలకు కూడా తెలుసు. ఆ ఫోనుకు తప్ప అందరికీ తెలుసు. బోగస్ పేర్లు ఏరేస్తే డబ్బు మిగులుతుందట. అంటే అనుమానం కూడా కింద నుంచే మొదలు.

ప్యారిస్‌లో ఉండే ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2024 మార్చిలో మన దేశం మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో ఉన్న సంపద మొత్తంలో 40.1 శాతం పైనున్న ఒక శాతం చేతిలో ఉందట. కింద సగం జనాభా దగ్గర ఆరున్నర శాతం కూడా లేదు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒకాయన, కూతురి పెళ్ళి మాట్లాడడానికి వచ్చి, నాకు ఇది చెప్పాడు. ఆయన పోయాక నేను వరండాలో పేర్చిన కొత్త కుర్చీల వైపు చూశాను. వంద ఉన్నాయి. ఒక మనిషి వచ్చి నలభై కుర్చీల మీద కాళ్ళు చాపుకుంటే, యాభై మంది ఆరు కుర్చీల దగ్గర తోసుకుంటున్నారు. ఏ పెళ్ళిలోనైనా అలా జరిగితే భోజనాలు మొదలయ్యేలోపే తన్నుకుంటారు.

మా జిల్లా సంగతులు కూడా రెండు చెప్పాలి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఇరవయ్యొక్క ఏళ్ళు తాళం వేసి ఉంచి, 2023లో 99 ఏళ్ళ లీజుకు ఇచ్చారు. సహకార చక్కెర ఫ్యాక్టరీలు, చిత్తూరుదీ గాజులమండ్యందీ, రెండూ ఆగిపోయాయి. వీటిని నిలబెట్టడానికి ఎప్పుడూ డబ్బు లేదు. 2025లో విశాఖలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి 21 ఎకరాల పైచిలుకు భూమి 99 పైసలకు ఇచ్చారు. ఉద్యోగాలు వస్తాయంటున్నారు, రానివ్వండి, ఎవరు వద్దన్నారు. నా షామియానాకు కొట్టే ఇనప మేకు ఒకటి, వంకరపోయింది, పాత ఇనుము అంగట్లో వేస్తే పన్నెండు రూపాయలిచ్చాడు.

కరెంటు బిల్లు గురించి ఎక్కువ రాయను. 2022-23లో వాడిన కరెంటుకు సర్దుబాటు చార్జీ అని 6,072 కోట్లు 2024 డిసెంబర్ నుంచి జనం మీద వేశారు. ఆ ఏడాది నేను సీరియల్ లైట్లు కట్టిన పెళ్ళిళ్ళ జంటలకు పుట్టిన బిడ్డలు ఇప్పుడు నడుస్తున్నారు. రైల్లో ముసలివాళ్ళ రాయితీ సంగతీ అంతే. మగవాళ్ళకు నలభై శాతం, ఆడవాళ్ళకు యాభై ఉండేది. 2020 మార్చి 20న కరోనా పేరు చెప్పి ఆపారు. కరోనా పోయింది. మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు మూడుసార్లు పోయి వచ్చాం, మూడుసార్లూ పూర్తి టిక్కెట్టే.

ఇంకో మాట ఒప్పుకోవాలి, లేకపోతే మా పిలకాయలు ఈ ఉత్తరం చదివి నవ్వుతారు. ఫ్యాక్టరీల్లో రోజు పని 9 గంటల నుంచి 10కి పెంచాలని మన రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించినప్పుడు నేను అంగడిలో గట్టిగా తిట్టాను. "మనం మాఘమాసంలో పదహారు గంటలు చేస్తామే" అన్నాడు వాళ్ళలో ఒకడు, గుంజ భుజాన పెట్టుకుని. నాకు మాట రాలేదు. ఆ సీజను నుంచి రాత్రి పది దాటితే గంటకు ఇంతని అదనంగా ఇస్తున్నాను. వాళ్ళు అడక్కముందే ఇచ్చానని చెప్పుకోవాలని ఉంది గానీ అది అబద్ధం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో పద్నాలుగు రోజుల ముందు నోటీసు లేకుండా ఏ సంస్థలోనూ సమ్మె చేయకూడదు. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. మావాడు గుంజ దించకుండా అడిగాడు చూడండి, దానికి పద్నాలుగు రోజులు పట్టి ఉంటే ఆ సీజను అయిపోయేది.

ఇక పోలీసులు లేపేస్తే తప్పేముంది అన్న మాట.

పోయిన ఏడాది ఒక సోమవారం. ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్ళు, మూడు నెలల జీతం రాలేదని, ముప్పయి మంది కూర్చుంటామన్నారు. చిన్న షామియానా ఒకటి, జంపఖానాలు మూడు, మైకు సెట్టు. రోడ్డు మీద కాదు, రోడ్డుకు ఇవతల ఖాళీ జాగాలో. ఆ రోజు ఎవరో పెద్దవాళ్ళు కొండకు వస్తున్నారు. తొమ్మిదిన్నరకు జీపు, దాని వెనక వ్యాను వచ్చాయి. మనుషులను వ్యాను ఎక్కించారు, సరే, అది అలవాటైన వ్యవహారం. నేను గుంజల పక్కన నిలబడి ఉన్నాను. ఒక కానిస్టేబులు మేకు పీకడం మొదలుపెట్టాడు. చేతకాక వంచేశాడు (పైన చెప్పిన మేకు అదే). "సామీ, నేను పీకిస్తా ఉండండి, గుడ్డ చిరిగిపోతాది" అన్నాను. గుంజలు, గుడ్డ, ఆంప్లిఫయరు, రెండు హారన్లు, అన్నీ వ్యానులో పడేశారు. "నా గుంజలేం చేసినాయి సార్?" అంటే, ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు, "పెళ్ళిళ్ళు ఉండాయి కదన్నా నీకు, ఈ పనులెందుకు?"

సామాను తెచ్చుకోవడానికి పదకొండు రోజులు స్టేషను చుట్టూ తిరిగాను. ముప్పయి మందిని సాయంత్రానికే వదిలేశారు, నా గుంజలకే బెయిలు దొరకలేదు. పన్నెండో రోజు ఒక కాగితం ముందు పెట్టారు. ఇకమీదట ధర్నాలకు, దీక్షలకు, రాస్తారోకోలకు సామాను ఇచ్చే ముందు తెలియజేస్తాను అని. రసీదు లేదు, కేసు నంబరు లేదు, సెక్షను లేదు. సంతకం పెట్టాను. పెట్టలేదని గొప్పలు చెప్పుకోను. వారంలో నాలుగు పెళ్ళిళ్ళకు మాట ఇచ్చి ఉన్నాను, మైకు లేకుండా ఎలా. ఇంటికి తెచ్చి చూస్తే ఆంప్లిఫయరుకు సౌండు తిప్పే బిళ్ళ లేదు. ఇప్పటికీ కటింగ్‌ప్లేయరుతో తిప్పుతున్నాం.

పెద్ద కేసులు పేపర్లలో వస్తాయి. చేతులు వణికే జబ్బుతో నీళ్ళ గ్లాసు పట్టుకోలేక స్ట్రా కావాలని కోర్టును అడగాల్సి వచ్చిన ఆదివాసుల కోసం పనిచేసిన పాదిరి స్టాన్ స్వామి 84 ఏళ్ళ వయసులో, 2021 జూలై 5న, కస్టడీలోనే పోయారు. మన అమలాపురం బిడ్డ ప్రొఫెసర్ సాయిబాబా మీద మావోయిస్టు సంబంధాల కేసు పదేళ్ళు నడిచి, 2024 మార్చిలో నిర్దోషి అన్నారు, అక్టోబర్‌కే ఆయన లేరు. అవి చదివి మనం అయ్యో అనుకుని పేజీ తిప్పుతాం, మనదాకా రాదని. నాదాకా వచ్చింది ఒక తెల్లకాగితం రూపంలో. రాజ్యాంగం 19వ అధికరణంలో ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు అలాగే ఉంది, ఒక్క అక్షరం కొట్టేయలేదు. షామియానావాడితో సంతకం పెట్టించుకుంటే చాలు, ఎండలో ఎవరు మాత్రం ఎంతసేపు గుమికూడతారు?

తిరుపతిలో '30 యాక్టు' అనే మాట మాకు పండగ పేరులాగా అలవాటైపోయింది. అది సభలకు, ఊరేగింపులకు పోలీసుల అనుమతి ఉండాలనే సెక్షను, 1861 నాటి పోలీసు చట్టంలో 30వది. సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్ళకు తెల్లవాళ్ళు రాసుకున్నది. గుంపుగా చేరకూడదనే పాత 144 సెక్షను 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 163 అయింది, నంబరు మారింది అంతే. 2023 జనవరి 2న రోడ్ల మీద సభలు, ర్యాలీలు కుదరవని అప్పటి ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. దానికి కారణంగా కందుకూరు చూపించారు. అంతకు అయిదు రోజుల ముందు అక్కడ ప్రతిపక్ష నాయకుడి రోడ్‌షోలో ఎనిమిది మంది చనిపోయారు, నిజమే. జనాన్ని అదుపు చేయడం పోలీసుల పని, నేను కాదనను. హైకోర్టు ఆ జీవోను మే 12న కొట్టేసింది. మా ఊళ్ళో 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. అది ధర్నా కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళలో నా షామియానా కింద కూర్చున్నవాళ్ళలో తొక్కిసలాటలో ఒక్కరు పోలేదు. వడదెబ్బకు పడిపోయినవాళ్ళున్నారు, నిరాహార దీక్షలో షుగరు పడిపోయినవాళ్ళున్నారు. తొక్కడానికి అంతమంది ఎప్పుడొచ్చారు గనక.

పెద్దమనిషి గారు నన్ను ఫలానా పార్టీవాడని అనుకుంటారేమో కాబట్టి పుస్తకంలో ఇంకో సంగతి కూడా చెబుతాను. అంగన్వాడీల మీద ఎస్మా పెట్టిన రోజుల్లో ఆ టెంటులోకి వచ్చి, వాళ్ళ పక్కన జంపఖానా మీద కూర్చుని ఫొటోలు దిగి, మేమొస్తే న్యాయం చేస్తామని చెప్పి పోయినవాళ్ళు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. అప్పుడు ఎస్మా పెట్టినవాళ్ళు ఇప్పుడు మెడికల్ కాలేజీల కోసం నా దగ్గర షామియానా తీసుకుపోతున్నారు. మదనపల్లెతో కలిపి పది కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలను 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పజెప్పాలని నిర్ణయించారు. డబ్బుల్లేవు అన్నదే కారణం. అది తప్పే. కానీ అవే ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 20 లక్షలు అని ధర కట్టిన జీవోలు 2023వి, ఇప్పుడు టెంటులో కూర్చున్నవాళ్ళవి. నాయకులు గుంజకు ఆ పక్క నుంచి ఈ పక్కకు మారుతుంటారు. కింద జంపఖానా మీద మాత్రం వాళ్ళే కనిపిస్తారు నాకు, కొందరికి ఈమధ్య జుట్టు నెరిసింది. ఉచిత బస్సులో వస్తున్నారు, తల్లికి వందనం డబ్బులు పడ్డాయని చెప్పుకుంటున్నారు, అవి మంచివే, వాటిని వెటకారం చేసేవాళ్ళతో నాకు పొత్తు లేదు. అయినా వచ్చి కూర్చుంటున్నారంటే ఎందుకో అడగాలి కదా. పెద్దమనిషి గారు బండి ఆపి ఒక్కసారైనా అడిగారా అని నాకు తెలుసుకోవాలని ఉంది.

ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పటి నుంచి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి నాకు ఒక ఫోను వస్తుంది. చెడ్డవాడు కాదు, కుర్రాడు, వాళ్ళ చెల్లెలి పెళ్ళికి సామాను నేనే ఇచ్చాను. "నా, బాగుండావా? రేపు బుకింగులేమన్నా ఉండాయా?" అంటాడు. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు కదా, అందుకు. మొదటి రెండు వారాలు నిజం చెప్పాను. తెల్లారేసరికి బుక్ చేసుకున్నవాళ్ళ ఇళ్ళ ముందు ఇద్దరేసి కానిస్టేబుళ్ళు కూర్చున్నారు. గృహనిర్బంధం అంటారు దాన్ని. వాళ్ళలో ఒకామె నాకు ఫోను చేసి, తిట్టకుండా, అడ్వాన్సు వెనక్కి ఇమ్మని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

మూడో వారం నుంచి, "ఒక సీమంతం ఉంది తమ్ముడూ" అని చెబుతున్నాను. పుస్తకంలో కూడా అలాగే రాస్తున్నాను, ఎప్పుడైనా చూపించమంటారని. ఈమధ్య మా ఆవిడ పుస్తకం తిరగేసి, "ఏందయ్యా, ఈ ఊర్లో సోమవారం సోమవారం ఇన్ని సీమంతాలా" అని నవ్వింది.

ఈ సోమవారం కూడా ఒకటి ఉంది. బడుల్లో మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు. వాళ్ళకు నెలకు 3,000. అందులో కేంద్రం వెయ్యి అని నిర్ణయించింది 2009లో, ఇంకా అదే వెయ్యి. చిన్న షామియానా ఒకటి, కుర్చీలు పది, జంపఖానాలు నాలుగు చెప్పారు. మైకు వద్దన్నారు, ఖర్చు ఎక్కువవుతుందని. పంపిస్తాను, కటింగ్‌ప్లేయరుతో కలిపి.

ఈ ఉత్తరం మీరు అచ్చువేస్తే సీమంతం అన్న మాట ఇక పనికిరాదు, వేరే శుభకార్యం ఏదన్నా చూసుకోవాలి. నా పేరు, అంగడి పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక షామియానా సప్లయరు,
కొర్లగుంట, తిరుపతి.